కొండ మింగిన కొలతాడు

గంగసాని మూట కట్టి, విప్పి, మళ్ళీ కడుతోంది. అటుకుల పొట్లం పైకి తెచ్చింది. నువ్వులుండలు అడుక్కి తోసింది. ముల్లు తీసే చిమటా ఎక్కడ పెట్టిందో మరిచిపోయి మొత్తం చాప మీద గుమ్మరించింది. వాము, వేపనూనె బుడ్డి, ఉతికిన పంచెలు, ఉన్ని శాలువా. జ్యేష్ఠమాసపు ఎండల్లో ఉన్ని శాలువా ఎందుకని అడిగే ధైర్యం అంతఃపురంలో ఎవరికీ లేదు.

ఆ మూట రాజకుమారుడు కీర్తిధరుడిది. గంగసాని అతనికి పాలిచ్చి పెంచిన దాది.

“దాదమ్మా, నేను పోయేది పొలిమేర కొలతకి. పొద్దుగూకేసరికి వచ్చేస్తాను. ఈ మూట మోయాలంటే ఏనుగు కావాలి” అన్నాడు కీర్తిధరుడు.

“పొద్దుగూకేసరికి వస్తానని చెప్పే మా ఆయన కట్టెలకి పోయాడు నాయనా. నీకెంత వయసుందో ఆ మాటకీ అంతే ఉంది. శాలువా తియ్యకు.”

రత్నగుల్మం నగరం చూడముచ్చటైనది. కోటగోడలకి పగడపు గచ్చు, బురుజుల మీద స్ఫటికపు కలశాలు, వీధిదీపాల్లో సంపెంగ నూనె. నెమళ్ళు రాజవీధిలో అడ్డంగా నడుస్తుంటే రథాలు ఆగేవి. ఇంత వైభవంలో అక్కడ కొరవ పడ్డది ఒక్క ఆలోచనే. పొరుగు దేశాల నుంచి అత్తరు తెప్పించుకున్నారు, ముత్యాలు తెప్పించుకున్నారు, దీన్ని తెప్పించుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ రాజ్యానికీ, తూర్పున ఉన్న శూలదుర్గానికీ నడుమ గోడ లేదు, కంచె లేదు. ఉన్నదల్లా ఒక తాడు. పూర్వం రెండు దేశాల రాజులు కొట్టుకుని కొట్టుకుని ఆయాసం వచ్చి ఒక ఒప్పందానికి వచ్చారు. రత్నగుల్మం కోట వాకిట్లోని నందిరాయి దగ్గర మొదలుపెట్టి, తూర్పుగా, వంకర లేకుండా మూడువందల తాళ్ళు కొలవాలి. ఆఖరి తాడు ఎక్కడ ముగిస్తే అక్కడికి రత్నగుల్మం సరి. కొత్త యువరాజును ప్రకటించినప్పుడల్లా ఒకసారి కొలవాలి. తాడు తల యువరాజే పట్టాలి. పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు పోయేలోగా ముగించాలి. చివర హద్దురాయి పాతేదాకా యువరాజు తాడు తల వదలకూడదు, వదిలితే ఆ కొలత చెల్లదు. అన్నిటికన్నా ముఖ్యం, తాడు నేలమ్మ ఒడి విడిచి గాలిలోకి లేవకూడదు.

ఈ ఆఖరి నియమం పెట్టినవాళ్ళు భక్తితోనే పెట్టారు. కాని భక్తికీ కొలతకీ ఏనాడూ పొసగలేదు. చదును నేల మీద తాడు హాయిగా ముందుకు పోతుంది. గుంట వస్తే దిగి ఎక్కాలి, మిట్ట వస్తే ఎక్కి దిగాలి. ఈ ఎక్కడం దిగడంలో తాడు ఖర్చయిపోతుంది కాని దూరం జరగదు. ఇది శూలదుర్గం వాళ్ళు బాగా గ్రహించారు. గ్రహించి ఊరుకోలేదు.

కిందటి అమావాస్య మర్నాడు తెల్లవారేసరికి, కోటకీ తూర్పుకొసనున్న తుమ్మెదగూడేనికీ మధ్య, నిన్నటిదాకా జొన్నచేలు ఉన్నచోట ఒక కొండ కనబడింది.

మహారాజు విజృంభణవర్మ మేడ మీదనుంచి చూసి చప్పట్లు కొట్టాడు. “మన రాజ్యం పెరిగింది! కింద నేల ఉండనే ఉంది, దాని మీద ఇంకో నేల వచ్చింది!”

“అవును ప్రభూ, కొండకి రెండు వాలులుంటాయి కనక పెరిగింది రెండింతలు” అన్నాడు మంత్రి మహామతి.

కొండకి పట్టపురాణి పేరు పెట్టారు. కవులు పద్యాలు చెప్పారు. పొలాలు కొండ కింద పడ్డ రైతులు ఏడుస్తూ వస్తే, ఇకమీదట ఏటవాలుగా దున్నుకోండని సలహా ఇచ్చి, తాంబూలమిచ్చి పంపారు.

కొలతకి ముందురోజు ఉత్తుత్తి కొలత కొలిచి చూసుకోవడం రివాజు. తాడు కొండెక్కింది, కొండ దిగింది, తుమ్మెదగూడెం ఇంకా దూరంగా పొగ పొగగా కనిపిస్తుండగానే ఒక తాటితోపులో అయిపోయింది.

“పెరిగిన రాజ్యం ఎలా తరిగిందయ్యా?” అన్నాడు మహారాజు.

“ఎత్తులో పెరిగి పొడవులో తరిగింది ప్రభూ. మొత్తం మీద మనకి లాభమే.”

మహారాజుకి లాభం అన్న మాట వినబడితే చాలు, భోజనానికి లేచాడు. శూలదుర్గం ఆచారం ఏమిటో ఆ సభలో ఎవరూ ఎత్తలేదు. కొత్తగా తమ పాలికి వచ్చిన ఊరి జనాన్ని, పసిపిల్లలతో సహా, శూలదుర్గం వాళ్ళు రాగిగనుల్లోకి దింపుతారు. దిగినవాళ్ళకి మళ్ళీ ఎండ తగలదు.

తుమ్మెదగూడెంలో సింగారి ఉంది. గంగసాని కూతురు. రాజకుమారుడికి పాలివ్వడానికి భటులు పల్లకి తెచ్చిన రోజున, ఆ పాలు తాగవలసిన పిల్లని చెల్లెలి చేతుల్లో పెట్టి గంగసాని పల్లకి ఎక్కింది. తర్వాత పండక్కో పబ్బానికో పోయి చూసి వచ్చేది. ఇప్పుడు సింగారికి ఇద్దరు పిల్లలు. తల్లి కనబడితే “బాగున్నారా అమ్మా, కూర్చోండి” అంటుంది, చుట్టాన్ని అన్నట్టు. ఆ మాత్రం మాటైనా రేపటినుంచి ఉండదేమోనని గంగసానికి కంటిమీద కునుకు లేదు.

ఒప్పందంలో లేకపోయినా, కొలతరోజున కోట ఆడవాళ్ళు తాడు ముట్టకూడదని ఆచారం. అందుకని తెల్లవారుజామునే గంగసాని, తాడు తోక పట్టే బొర్రన్నకి మిరియాల పాలని చెప్పి సునాముఖి కషాయం తాగించింది. బొర్రన్న పెరటివైపు పరుగెత్తాడు. అతని తలపాగా ఆమె తలకెక్కింది. గుర్రపు వెంట్రుకలతో చేసిన మీసం పెదవి మీద అతుక్కుంది. నోట్లో వక్క వేసుకుని, భుజాన మూట తగిలించుకుని నందిరాయి దగ్గర నిలబడింది.

కీర్తిధరుడు ఒక్క చూపు చూశాడు. “దాదమ్మా, మీసం ఎడమవైపు జారుతోంది.”

“నోరు మూసుకుని నీ కొస పట్టుకో నాయనా.”

కొమ్ములు ఊదారు. తాడు కదిలింది.

శూలదుర్గం తరఫున సాక్షిగా వచ్చినవాడు అంగారముఖుడు. పేరుకి పండితుడు, పనికి మాంత్రికుడు. నిలువెల్లా చందనం, చెవులకి పులిగోళ్ళు, మాట్లాడినప్పుడల్లా ముక్కుల్లోంచి సన్నటి పొగ. మహామతి పల్లకిలో, అతను కంచరగాడిద మీద, తాడు పక్కనే బయలుదేరారు. తాడు పట్టుకున్నవాళ్ళు మాత్రం నడిచారు.

మొదట వాగు అడ్డం వచ్చింది. కిందటి వరదకి అది పక్కకి జరిగి కొత్త దారి చేసుకుంది. పాతది ఇసుకగుంట, కొత్తది నీళ్ళగుంట. ఉన్నది ఒకటే వాగు, దిగి ఎక్కవలసిన గుంటలు రెండు.

“ఒక్క వాగుకి రెండు వాగుల తాడు పోవడం అన్యాయం” అన్నాడు మహామతి పల్లకిలోంచి.

“ఆ సంగతి వాగునే అడగండి” అన్నాడు అంగారముఖుడు.

పాత గుంట దాటారు. కొత్త గుంటలో తాడు నీళ్ళ మీద తేలింది. “తేలింది! నేల తాకలేదు!” అని అంగారముఖుడు కేక పెట్టాడు. కీర్తిధరుడు తాడు పట్టుకుని బుడుంగున మునిగి అడుగు ఇసుకకి అదిమాడు. ఆ అడుగున ఒక మొసలి పడుకుని ఉంది. తాడు పొట్టకి తగిలేసరికి దానికి గిలిగింత పుట్టింది, ఆ వెంటనే కోపం వచ్చింది. నోరు తెరిచింది. గంగసాని ఒడ్డునుంచి చూసింది, ఆలోచించలేదు, మూటలోంచి ఉన్ని శాలువా లాగి మొసలి మొహం మీదికి విసిరింది. పళ్ళకి ఉన్ని చిక్కుకుని, కళ్ళకి చీకటి కమ్మి, అది గిర్రున తిరుగుతూ ప్రవాహంలో కొట్టుకుపోయింది.

రాజకుమారుడు పైకి తేలి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఏం, ఈ మూట మోయాలంటే ఏనుగు కావాలన్నావుగా?” అంది గంగసాని.

వాగు దాటగానే ఒక ఇల్లు, సరిగ్గా గీత మీద. పక్కకి తిరిగితే తాడు వంకర, కొలత చెల్లదు. “కట్టేటప్పుడు గీత కనబళ్ళేదు బాబూ” అన్నాడు ఇంటి యజమాని చేతులు నలుపుకుంటూ. అతని భార్య చేతులు నలపలేదు. “రాజైతే ఏంటంట? కాళ్ళు కడుక్కుని రమ్మను!” అని చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. యువరాజు కాళ్ళు కడుక్కున్నాడు. తాడు వీధి గుమ్మంలోంచి వంటింటి పక్కగా పశువుల పాక చేరింది. అక్కడ గేదె తాడు మీద పడుకుంది. దాన్ని బతిమాలారు, అదిలించారు, మహామతి దానికి రాజాజ్ఞ వినిపించాడు. గంగసాని రెండు నువ్వులుండలు చూపిస్తే లేచింది.

మిట్టమధ్యాహ్నానికి కొండ ముందుకు వచ్చారు.

ఏం కొండ అది! నీలిమబ్బు నేలమీద పడుకున్నట్టుంది. చరియల నిండా అడవిమల్లె తీగలు, తేనెపట్లు, నడుమ నడుమ తెల్లటి చలవరాతి పలకలు. పైనుంచి ఒక సన్నటి మంచుతెర లేచి పోతోంది, మళ్ళీ లేస్తోంది. గాలి లేకపోయినా పొదలన్నీ ఒక్కసారిగా పైకి లేచి, ఒక్కసారిగా కిందికి దిగుతున్నాయి. ఒక పిట్ట కూడా దాని మీద వాలడం లేదు.

“ఎక్కండి, ఎక్కండి. చక్కటి కొండ. మీ మహారాణి పేరు” అన్నాడు అంగారముఖుడు పొగ వదులుతూ.

కీర్తిధరుడు ఎక్కలేదు. కొండ పాదం దగ్గర ఒక పొద కదిలి, మేకలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. వాటి కాళ్ళకి ఎర్రమట్టి. ఎర్రమట్టి ఉన్నది కొండకి అవతల, తాటితోపు వైపు. కొండెక్కి దిగిన మేకలు ఇలా ఆయాసం లేకుండా ఉండవు. రాజకుమారుడు పొద తొలగించి చూశాడు. లోపల ఒక సందు, తిన్నగా తూర్పుకి. చివర రూపాయంత వెలుగు.

“తాడు నేల మీద ఉండాలన్నారు కాని, నేల మీద ఏమీ ఉండకూడదని ఎవరూ అనలేదు కదా?” అన్నాడు.

అంగారముఖుడి ముక్కుల్లో పొగ ఆగింది. మహామతి ఇదేమైనా లాభమా అని ఆలోచిస్తుండగానే యువరాజు సందులోకి వంగి మాయమయ్యాడు. గంగసాని తోక పట్టుకుని వెనకే దూరింది.

లోపల చీకటి, చెమట వాసన, వెచ్చగా ఉంది. తాళ్ళంత లావు వేళ్ళు గోడలనుంచి వేలాడుతున్నాయి. గంగసాని గోడకి చెయ్యి ఆన్చింది. రాయి కాదు. మెత్తగా లోపలికి పోయి పైకి లేచింది. చెయ్యి కాస్త పైకి జరిపితే ముడత తగిలింది, ముడతలో మట్టి అట్టకట్టి ఉంది. ఆమె ఎందరో పిల్లలకి నీళ్ళు పోసిన మనిషి. వీధి పొడుగునా సాగిన ముడతే అయినా, మోకాలి వెనక మట్టి చేతికి తగిలితే తెలియకపోవడమంటూ ఉండదు.

“నాయనా, ఇది కొండ కాదు” అంది మెల్లగా. “పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడిచి పడుకున్నాడు ఎవరో. మనం మోకాళ్ళ కింద ఉన్నాం.”

“రాక్షసుడా?”

“తల్లి లేనివాడు. ఇన్నాళ్ళ మట్టి ఎవరూ రుద్దలేదు.”

బయట అంగారముఖుడికి మతిపోయింది. రాక్షసుణ్ణి నిద్రమత్తులో మోసుకొచ్చి పడుకోబెట్టి, పైన గడ్డి మొలిపించి, ఇంత కష్టపడితే, కొలతాడు కింద దూరి పోతోంది! గాడిద దిగి పరుగెత్తాడు, రాక్షసుడి మడమ వెతికి పట్టుకుని, తన నోట్లోంచి ఒక నిప్పుకణిక ఊసి దానికి అంటించాడు.

మోకాలు ముడుచుకుంది. పైకప్పు దిగింది. కీర్తిధరుడు సందు నడుమ బోర్లా పడ్డాడు. తాడు తల చేతిలోనే ఉంది, వీపు మీద కొండ ఉంది. “దాదమ్మా! వెనక్కి పో!” అని మాత్రం అనగలిగాడు.

గంగసాని వెనక్కి పోలేదు. తోక నడుముకి చుట్టుకుని, రెండు చేతులూ ఆ వెచ్చటి గోడ మీద వేసి, జోకొట్టడం మొదలుపెట్టింది. నోట్లో వక్క ఊసేసి పాట అందుకుంది.

“ఎండ పోయె నీడకి, ఏరు పోయె కడలికి,
ఏడవకు నా తండ్రి, అమ్మ పోదు ఎక్కడికీ.”

ఆ పాట ఆమె కీర్తిధరుడికి పాడింది. సింగారికి పాడలేదు, పాడే వ్యవధి దొరకలేదు.

మోకాలు ఆగింది. ఎక్కడో పైన, మేఘాల దగ్గర, పెద్ద నిట్టూర్పు వినిపించింది. కప్పు మెల్లగా పైకి లేచింది. రాజకుమారుడు పాక్కుంటూ ముందుకు, గంగసాని జోకొడుతూ వెనక, తాడు వెంట తాడు వేసుకుంటూ అవతలి వెలుగులోకి వచ్చిపడ్డారు. పల్లకి కొండ చుట్టూ తిరిగి వచ్చి చేరేసరికి తాడు తాటితోపు దాటిపోయింది. అంగారముఖుడు మాత్రం ఆ మడమ దగ్గరే ఉండిపోయాడు.

ఆఖరి తాడు తుమ్మెదగూడెం వీధిలోంచి పోయి, చివరి ఇల్లు దాటి, ఊరి చెత్తదిబ్బల అవతల ముగిసింది. ఊరంతా రత్నగుల్మంలోనే ఉంది. జనం ఈలలు వేశారు. ఇక హద్దురాయి పాతాలి. రాయి మోసే బండి ఎక్కడో వెనక, మహారాజు ఊరేగింపులో, మేళతాళాలతో నింపాదిగా వస్తోంది. కీర్తిధరుడు తాడు తల నేలకి అదిమిపట్టి కూర్చున్నాడు.

సింగారి చంకలో పిల్లతో వచ్చింది. తోక పట్టిన ముసలి మీసాల మనిషిని ఎగాదిగా చూసింది. మీసం అప్పటికి చుబుకం మీదికి జారింది.

“అమ్మా? ఇదేం వేషమే!”

ఏకవచనంతో, నవ్వుతూ. గంగసాని ఆ మాటకి తబ్బిబ్బయి, మీసం లాగి పారేసి, “నువ్వు అన్నం తిన్నావా? పిల్ల చిక్కిందేం?” అంటుండగానే నేల అదిరింది.

పడమర దిక్కున కొండ లేచి కూర్చుంది. తీగలు తెగాయి, తేనెపట్లు రాలాయి. భుజం మీదనుంచి జారిన మట్టిపెళ్ళ అంగారముఖుణ్ణి నిలువునా పూడ్చింది, పైకి పొగ మాత్రం వస్తోంది. రాక్షసుడు రెండు పిడికిళ్ళతో కళ్ళు నులుముకున్నాడు. జో ఆగిపోయింది. ఆ జో ఎవరు కొట్టారో కనబడలేదు. మొహం వంకర్లు తిరిగింది, పెదవి కిందికి జారింది, ఏడుపు మొదలైంది. ఏడుస్తూ లేచి, తడుముకుంటూ తాడు పోయిన దారినే వస్తున్నాడు. ఒక అడుగుకి తాటితోపు నేలమట్టమైంది. తర్వాతి అడుగులకి ఊరు ఉంది.

మహామతి పల్లకిలోంచి తల బయటపెట్టి చూసి తెర వేసుకున్నాడు.

గంగసాని నడుం బిగించింది.

“దాదమ్మా, ఆగు!” కీర్తిధరుడు సగం లేచాడు. “నేను పోతాను, నువ్వుండు!”

“కూర్చో! కొస వదిలావంటే ఊరు పోతుంది. రాయి పాతేదాకా కదలకు.”

“అమ్మా, నువ్వొద్దు” అని సింగారి చెయ్యి పట్టుకుంది.

“పిల్లని ఎండలోంచి లోపలికి తీసుకుపోవే. ఇప్పుడే వస్తాను” అంది గంగసాని. అని, ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది. చెయ్యి విడిపించుకుని వీధికి అడ్డంగా నడిచింది.

“ఏరా తండ్రీ! ఎవరు కొట్టారు నిన్ను? ఇలా రా! ఈ ఇళ్ళ మీద కాదు, పక్కనుంచి, ఇలా!”

రాక్షసుడు ఆగాడు. వంగి చూశాడు. వేలితో ముట్టుకున్నాడు. తర్వాత ఆమెను ఎత్తి, గువ్వపిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని, చెవి పక్కన భుజం మీద పెట్టుకున్నాడు. ఆమె చేతులు ఆ మెడ మీద చప్పుడు చెయ్యడం కిందివాళ్ళకి వినబడింది, పాట ముక్కలు ముక్కలుగా వినబడింది. ఇళ్ళని తప్పించి, ఉత్తరంగా, ఆవులించుకుంటూ, పెద్ద పెద్ద అంగలతో అతను నీలికనుమల వైపు నడిచిపోయాడు. కీర్తిధరుడు తాడు పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. వదిలితే ఊరు పోతుంది.

పొద్దు వాలేవేళకి మహారాజు వచ్చాడు. “నా కొండ ఏది? రాణి పేరు పెట్టాను కదయ్యా, ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పను?” అన్నాడు. హద్దురాయి దించారు, గొయ్యి తవ్వారు, పాతారు. మట్టి తొక్కిన మరుక్షణం కీర్తిధరుడు తాడు వదిలి, దారిలో పడి ఉన్న మూట భుజానికెత్తుకుని, చెరువుల్లాంటి ఆ అడుగుజాడల వెంట ఉత్తరానికి పరుగుపెట్టాడు. సింగారి వీధి చివరిదాకా అతని వెనకే పరుగెత్తి ఆగింది.

నీలికనుమల్లో అతను ఏయే ఆపదల్లో పడ్డాడో, ఎవరి చెరలో చిక్కాడో అదంతా పెద్ద కథ. గంగసాని మాత్రం తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది ఆ కొలతనాడే, జ్యేష్ఠ బహుళ పంచమి, మధ్యాహ్నం దాటాక.